అదే మాట

నరసన్న ఇంటి పెరటి సరుగుడు చెట్టు బుధవారం తెల్లారేసరికి సముద్రంలో పడి ఉంది. కెరటం వచ్చినప్పుడల్లా చెట్టు కాస్త పైకి లేచి, మళ్ళీ ఇసకలో కూలబడుతోంది. రామయ్యపట్నం వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. చెట్టు పోయాక నీళ్ళకీ నరసన్న గోడకీ మధ్య అడ్డమేమీ లేదని అందరికీ కనబడుతూనే ఉంది గానీ ఎవరూ పైకి అనలేదు.

పుణ్యవతి దగ్గరికి వెళ్ళలేదు. ఆమె ఇల్లు నరసన్న ఇంటికి సరిగ్గా ఎదురుగా, ఒడ్డుకి రెండో వరసలో. గుమ్మంలో నిలబడితే అన్నీ కనిపిస్తాయి. చీపురు చేత్తో పట్టుకుని కాసేపు చూసి, లోపలికెళ్ళి నెత్తళ్ళ తట్ట మూత తీసింది. వాయుగుండం పట్టిన దగ్గర్నుంచీ ఎండ మొహం చూడలేదు. ఆరబెట్టాల్సిన చేపలు ఉప్పులోనే మగ్గుతున్నాయి. పైవి కిందకీ కిందవి పైకీ కలిపి, ఇంకో దోసెడు రాళ్ళుప్పు జల్లి, చేతులు కడుక్కుని ప్రార్థన మందిరం ఊడవడానికి బయల్దేరింది.

మందిరం ఇసక దిబ్బ మీద ఉంది. స్లాబు కప్పు, రెండు కిటికీలు, ముందు చిన్న వరండా. ఊళ్ళో యేసయ్యని నమ్ముకున్న ఇరవై ఇళ్ళ వాళ్ళూ రెక్కలు ముక్కలు చేసుకుని కట్టుకున్నది. బుధ, ఆదివారాల్లో వాక్యం చెప్పడానికి బరంపురం నుంచి ధనరాజ్ గారు వస్తారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. గోసాని నువాగాంలో ఇల్లు. గిరిసోల దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఎండైనా వానైనా గొడుగు పట్టుకుని దిగవలసిందే. మంచివాడు. ఈ ఊరివాళ్ళు బరంపురంలో ఏ ఆసుపత్రిలో పడున్నా వాళ్ళావిడ రెండు పూటలా కేరియరు పంపిస్తుంది. పుణ్యవతి పెనిమిటి కొండలు సముద్రంలో పోయినప్పుడు, శవం ఒడ్డుకి చేరేదాకా ఊళ్ళోనే ఉండిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన సముద్రం గురించే మాట్లాడాడు. ఊరు తాగుడికి బానిసైందన్నాడు, గంగమ్మ పండగకి మేకల మీద మేకలు తెగుతున్నాయన్నాడు, దేవుడు ఎన్నిసార్లు పిలిచినా ఊరు చెవిన పెట్టలేదన్నాడు. బయట వాన జోరందుకుంది. ఆయన గొంతు పెంచాడు.

“దేవుణ్ణి కాదన్నవాళ్ళని దేవుడు ఊరికే విడిచిపెట్టడు. చూస్తున్నారుగా.”

“ఆమెన్,” అంది పుణ్యవతి. అందరూ అన్నారు గానీ ఆమె ఆమెన్ అందరికంటే ముందొచ్చింది, అందరికంటే గట్టిగా వచ్చింది. గంగమ్మ పూజలన్నీ జరిపించేది నరసన్నే. ఆమె కళ్ళ ముందు ఆ పడిపోయిన చెట్టే ఉంది. కడుపులో చల్లగా అనిపించింది.

అలా అనిపించిన క్షణంలోనే కిటికీ వైపు చూసింది. మందిరం గోడవారనే వీధి కుళాయి. నరసన్న కోడలు ఈశ్వరి, చంటిపిల్లని భుజాన వేసుకుని, తల మీద గోనెసంచి కప్పుకుని అక్కడ నిలబడి ఉంది. బిందె సగమే నిండింది. ఈశ్వరి పుణ్యవతి వంక ఒకసారి చూసి, కుళాయి కట్టేసి, ఆ సగం బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. మొగుడు కేరళ బోట్ల మీద ఉన్నాడు. ఇంట్లో ఆడది చేసే పనీ మగాడు చేసే పనీ ఆ పిల్లే చేస్తోంది.

ఇంటికొచ్చి పొయ్యి రాజేస్తుంటే పుణ్యవతికి ఆ సగం బిందె గుర్తొచ్చింది. తరవాత ఇంకొకటి గుర్తొచ్చింది. కొండలుని ఒడ్డున పడుకోబెట్టినప్పుడు, ఊరంతా చుట్టూ నిలబడి ఉన్నప్పుడు, నరసన్న అన్న మాట. “తల్లిని ఒగ్గేసినోణ్ణి తల్లి ఒగ్గదు.” కొండలు గంగమ్మని వదిలి యేసయ్యని నమ్ముకున్నవాడు. నరసన్న కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు. ఆ మాటని ఆమె ఇన్నేళ్ళూ మోసింది. నీళ్ళు తోడుతున్నా, చేపలు ఆరబోస్తున్నా, అందరూ నిద్రపోతున్నా అది ఆమె లోపల నిద్రపోలేదు. కొండలు మంచివాడు కాబట్టి పోయాడో, చెడ్డవాడు కాబట్టి పోయాడో తేల్చుకోలేక ఎన్నిసార్లు మోకాళ్ళ మీద పడిందో.

ఊదుగొట్టం పక్కన పెట్టి రెండు మాటలూ పెదాల మీద అనుకుని చూసింది. నరసన్న అన్నదీ, ఇవాళ అయ్యగారన్నదీ. దేవుడి పేరు మారిందంతే. రెండోదానికి ఆమెన్ అన్నది తను.



*

గురువారం మధ్యాహ్నం పోటుకి నరసన్న వంటింటి గోడ పోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. గోడ కింద ఇసక జారి, గోడ వెనక్కి ఒరిగి, కెరటంలోకి అలా కూర్చున్నట్టు దిగిపోయింది. గోడతోపాటు పొయ్యి, ఉట్టి, మూల నిలబెట్టిన రోకలి పోయాయి. జనం పరిగెత్తారు. ఎవరికి చిక్కింది వాళ్ళు బయటికి లాగారు. మంచం, ట్రంకు పెట్టె, వలలు, బియ్యం డబ్బా. నరసన్న లోపలి నుంచి పసుపుబట్ట చుట్టిన చెక్కపెట్టె ఒక్కటే తెచ్చుకున్నాడు. అందులో గంగమ్మ ఇత్తడి ముఖం ఉంటుంది. మిగతా వాటి వైపు చూడలేదు.

పుణ్యవతి గుమ్మం దాటలేదు. నరసన్న పెళ్ళాం అమ్మడు వానలో వీధి మధ్య నిలబడి ఉంది. చేతిలో చేట. చేటలో చారెడు చింతపండు, నాలుగు ఉల్లిపాయలు. కిందన పెడదామంటే తడి, ఎవరికైనా ఇద్దామంటే అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి. అటు రెండడుగులు వేసి, ఇటు రెండడుగులు వేసి, మళ్ళీ అక్కడే ఆగిపోయింది. అరవై ఏళ్ళ మనిషి, ఆ చేట ఎక్కడ పెట్టాలో తెలియక చిన్నపిల్లలా చుట్టూ చూస్తోంది.

అప్పుడు పుణ్యవతి దిగింది. వానలోకెళ్ళి అమ్మడు చేతిలోంచి చేట తీసుకుంది.

“రా అప్పా,” అంది, అక్కని పిలిచినట్టు. “మందిరంలోకి పోదాం.”

అమ్మడు మొదట అర్థం కానట్టు చూసింది. కొండలు పోయిన దగ్గర్నుంచీ ఈ రెండిళ్ళ మధ్య అవసరమైన మాటలు తప్ప ఏవీ నడవలేదు. తుఫాను షెల్టరు పొద్దున్నే ఉత్తరపు వీధి వాళ్ళతో నిండిపోయిందని, బళ్ళో మోకాలి లోతు నీళ్ళున్నాయని, పిల్లకి పొడిచోటు కావాలని పుణ్యవతి చెప్పుకుంటూ పోయింది. చెబుతూనే నడిచింది. అమ్మడు వెనకాల వచ్చింది, ఈశ్వరి పిల్లతో వచ్చింది, వాళ్ళని చూసి ముందు వరసలో ఇళ్ళు ఖాళీ చేస్తున్న మరో రెండు కుటుంబాలు వచ్చాయి. బెంచీలు రెండేసి కలిపి గోడలవార నెట్టారు. పుణ్యవతి మందిరం తివాచీ చుట్టి ఎత్తుగా పెట్టి, కింద గోనెలు పరిచింది. ఈశ్వరి తన చీర ఒకదాని మడత విప్పి, ఫాను కోసం పెట్టిన కొక్కేనికి ఉయ్యాల కట్టింది. ఫాను కొనడం ఇంకా కుదరనే లేదు. ఉయ్యాల ఊపుతూ పుణ్యవతి వంక చూసింది. పుణ్యవతికి ఆ చూపు తప్పించుకోవడానికి చాలా పని దొరికింది.

సాయంకాలానికి నరసన్న మాత్రం రాలేదు. ఒడ్డున పైకి లాగిన తెప్ప పక్కన, నెత్తి మీద టార్పాలిన్ ముక్క కప్పుకుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మడు రెండుసార్లు వెళ్ళి పిలిచింది. తల్లిని పట్టుకుని మందిరంలోకి రానన్నాడు, తల్లిని బయట వదిలేసి అసలే రానన్నాడు. అతనికి ఉబ్బసం. అమ్మడు తిరిగొచ్చి గడప మీద కూర్చుని, “ఆయన మొండోడు. ఇంక నాను సెప్పలేను,” అంది.

పుణ్యవతి గొడుగు తీసుకుని వెళ్ళింది. దగ్గరికెళ్ళాక ఏం మాట్లాడాలో తోచలేదు. కెరటాల మోతలో నరసన్న ఊపిరి పిల్లికూతలా వినిపిస్తోంది. గొడుగు అతని మీదికి కాస్త వంచింది.

“బావా, నా అరుగు మీదకి రా.”

అతను తలెత్తలేదు. “మీ మందిరపోళ్ళు ఊరుకుంటారేటి?”

“మందిరం అందరిదీ. అరుగు నాది.”

“మరి పెట్టి?”

“పెట్టి నీది. తడవకుండా పెట్టుకో.”

ఆమె గొడుగు అలాగే వంచి పట్టుకుని నిలబడింది. ఆఖరికి లేచాడు. లేవడానికి ఒక చెయ్యి కావాలి, రెండు చేతులూ పెట్టె మీదున్నాయి. పుణ్యవతి అతని మోచెయ్యి పట్టుకుని లేపింది. అరుగు మీద నెత్తళ్ళ తట్టలు జరిపి చోటు చేసింది. పెట్టెకి తను చెయ్యి తగిలించలేదు, దండం పెట్టలేదు. అతనూ పెట్టమనలేదు. తట్టల్లోంచి ఉప్పుచేపల వాసన గుప్పుమంటోంది. ఇంకాస్త దూరం జరపమంటావా అని అడిగింది.

“ఆయమ్మకి సేపల వాసన కొత్తేటి,” అన్నాడు నరసన్న.

పుణ్యవతికి నవ్వొచ్చింది. ఆ నవ్వు కనబడకుండా లోపలికెళ్ళి చోడి అంబలి కాచి, గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది.

*

శుక్రవారం కాస్త తెరిపిచ్చినా శనివారానికి మళ్ళీ పట్టుకుంది. ఊళ్ళో మాటలు వానకంటే ముందు తిరిగాయి. మందిరంలో విగ్రహాల వాళ్ళు కాపరం పెట్టారని కొందరు, పుణ్యవతి ఏకంగా ఇంట్లోకే గంగమ్మని తెచ్చుకుందని కొందరు అన్నారు. సంఘంలోనే ఒకావిడ, పుణ్యవతికి వరసకి తోడికోడలు, గుమ్మం దాకా వచ్చి పెట్టె వైపు చూసి, ముక్కు మీద వేలేసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి ధనరాజ్ గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తను విన్నది నిజమేనా అని అడిగాడు.

“నిజవేనండయ్యగారు. మనిషి తడిసిపోతంటే పిలిసాను. సామాను బయిటే ఒగ్గెయ్యమని ఎలగ సెప్పనండి.”

అది ఉత్త సామాను కాదని ఆయన అన్నాడు. ఆమె అవునంది. దయ చూపించడం మంచిదే గానీ సంఘం సాక్ష్యం చెడకూడదని, విశ్వాసంలో బలహీనులు తప్పుగా అర్థం చేసుకుంటారని ఆయన నెమ్మదిగానే చెప్పాడు. ఆదివారం తొమ్మిదింటికి ఆరాధన ఉంటుంది కాబట్టి ఆ వేళకి హాలు ఖాళీ చేయించి, బెంచీలు వేయించమన్నాడు. మిగతాది వచ్చాక మాట్లాడదామన్నాడు.

ఫోను పెట్టేశాక పుణ్యవతి చాలాసేపు నెత్తళ్ళు ఏరుతూ కూర్చుంది. మెత్తబడిపోయినవి ఒక పక్కకి, గట్టిగా ఉన్నవి ఒక పక్కకి. చెడిపోయిన వాటి కుప్పే పెద్దదైంది. ఆమె సంఘం మాట ఎన్నడూ కాదనలేదు. ఆ సంఘమే లేకపోతే కొండలు పోయాక తను ఎలా బతికేదో ఆమెకే తెలియదు. ఆ ఇరవై ఇళ్ళూ ముఖం తిప్పుకుంటే మాట్లాడేవాళ్ళుండరు. పైగా ఆ పెట్టె తన అరుగు మీద ఉండటం ఆమెకీ బరువుగానే ఉంది. ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు దగ్గరగా వేసుకుంటోంది. వేసుకున్నాక, నరసన్న దగ్గు వినబడితే మళ్ళీ తీస్తోంది.

చీకటి పడకముందే వాళ్ళకి చెప్పేద్దామని మందిరానికి వెళ్ళింది. ఒక గంటే కదా, వరండాలో సర్దుకోమందామనుకుంది. లోపల అమ్మడు పిల్లకి ఆముదం రాసి కాళ్ళు పాముతోంది. ఈశ్వరి అందరి బట్టలూ పిండి తాడు మీద ఆరేస్తోంది. పిల్లకి ఒళ్ళు వెచ్చబడిందని అమ్మడు చెప్పింది. పుణ్యవతి పిల్ల నుదురు తాకి చూసింది, చెప్పాలనుకున్నది చెప్పకుండానే తిరిగొచ్చేసింది.

*

ఆదివారం ధనరాజ్ గారు వచ్చేసరికి హాలు నిండా తాళ్ళు, తాళ్ళ నిండా బట్టలు. పీఠం పక్కన బియ్యం డబ్బా, కొక్కేనికి ఉయ్యాల. సంఘం వాళ్ళు లోపలికెళ్ళాలో వద్దో తెలియక వరండాలో, చూరు కింద నిలబడ్డారు. వీధికి అవతల అరుగు మీంచి నరసన్న చూస్తున్నాడు. ధనరాజ్ గారు గొడుగు ముడిచి, చెప్పులు విడిచి, పుణ్యవతి వంక ఒకసారి చూశాడు. ఆమె తల దించుకుంది గానీ పక్కకి తప్పుకోలేదు.

ఆయన కోప్పడలేదు. ఒక్క గంటసేపు బయట సర్దుకుంటే ఆరాధన ముగించేస్తామని లోపలివాళ్ళకి మర్యాదగానే చెప్పాడు. అమ్మడు మారుమాట లేకుండా లేచి గిన్నెలు ఏరసాగింది. ఒకదాంట్లో ఒకటి పెట్టి, చప్పుడు కాకుండా. ఈశ్వరి ఉయ్యాల దగ్గర్నుంచి లేవలేదు.

“అయ్యగారూ, ఒక మాట అడగొచ్చా?” అంది.

ఆయన అడగమన్నాడు.

“బుధవారం మీరు సెప్పింది కుళాయికాడ ఇన్నాను. మా మావ గంగమ్మని కొలుస్తాడు, అందుకని ఇల్లు పోయిందనుకుందాం. ఈ గుంట ఎవుల్నీ కాదన్లేదు కదండీ. దీనికి ఉయ్యాల కట్టుకుందికి దూలం ఎందుకు లేకుండా పోయింది?”

అడగడంలో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది. గిన్నెలు ఏరుతున్న అమ్మడు చేతులు ఆగిపోయాయి.

ధనరాజ్ గారు నోరు తెరిచాడు. ముప్ఫై ఏళ్ళుగా వాక్యం చెబుతున్న మనిషి, ఆయన దగ్గర జవాబులకి కొదవలేదు. మొదటి మనుషుల పాపం, దేవుడు పెట్టే పరీక్ష, మనకి తెలియని ఆయన చిత్తం. అవన్నీ ఆయన పెదాల దాకా వచ్చి ఆగడం పుణ్యవతి చూసింది. ఆయన ఉయ్యాల వంక చూస్తున్నాడు. జ్వరానికి పిల్ల పెదాలు ఎర్రగా ఉన్నాయి. చీర అంచులోంచి ఒక చిన్న పాదం బయటికొచ్చి వేలాడుతోంది.

ఆయన చేతిలోని పుస్తకం బెంచీ మీద పెట్టాడు.

“నాకు తెలీదమ్మా,” అన్నాడు. కాసేపాగి, “బుధవారం తెలిసినట్టు మాట్లాడాను,” అన్నాడు.

ఆయన నోట ఆ మాట ఆ ఊళ్ళో ఎవరూ అంతకుముందు వినలేదు. పుణ్యవతి ఉయ్యాల వైపు ఒక అడుగు వేసింది.

“ఆ మాటకి ఆమెన్ అన్నది నాను, ఈశ్వరీ,” అంది. “కొండలు పోయినప్పుడు ఇలాటి మాటే నా మీద పడింది. దాని బరువెంతో తెలిసీ అన్నాను.”

వీధి అవతల అరుగు మీద నరసన్న దగ్గు ఆగింది. పుణ్యవతి అటు చూడలేదు. ఈశ్వరి ఉయ్యాల ఊపడం మానలేదు గానీ పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది.

ధనరాజ్ గారు వరండాలోకొచ్చి నిలబడ్డాడు. ఆరాధన మొదలెడతాడేమోనని అందరూ తలలు వంచారు. ఆయన కళ్ళు మూసుకోలేదు. స్నేహితుడు చచ్చిపోతే సమాధి దగ్గరికెళ్ళిన ప్రభువు గురించి చెప్పాడు. అక్కడ ఏడుస్తున్న వాళ్ళకి ఆయన కారణాలు చెప్పలేదని, వాళ్ళతోపాటు ఏడ్చాడని చెప్పాడు.

“ఏడ్చిన తరవాత, సమాధికి అడ్డంగా ఉన్న రాయి పక్కకి తియ్యండి అన్నాడు. చచ్చినవాణ్ణి బతికించేది ఆయనే. రాయి జరపడం మాత్రం అక్కడున్న మనుషులకే అప్పజెప్పాడు. ఇన్నాళ్ళూ నేను ఆ ముక్క దాటేసి వెళ్ళిపోతున్నాను.”

అక్కడితో ఆగిపోయాడు. తరవాత ఏం చెయ్యాలో ఆయనకీ తెలిసినట్టు లేదు. అప్పుడు చూరు కింద నుంచి ఎవరో, నరసన్న ముందుగది కప్పు ఇంకా నిలబడే ఉందని, పోటు తిరిగేలోపు పెంకులూ ద్వారబంధమూ అయినా దక్కించుకోవచ్చని అన్నారు.

ఆ ఆదివారం ఆరాధన అదే అయింది. నరసన్న ఇంటి నుంచి దిబ్బ దాకా మనుషులు వరసగా నిలబడ్డారు. సంఘం వాళ్ళున్నారు, సంఘంలో లేనివాళ్ళూ ఉన్నారు, ముక్కు మీద వేలేసుకున్న తోడికోడలు కూడా ఉంది. మగాళ్ళిద్దరు వాసాల మీదకెక్కి పెంకులు ఊడదీసి అందించారు. తడిసి పాచిపట్టిన పెంకులు చేతుల్లోంచి జారిపోతున్నాయి. ధనరాజ్ గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ నిలబడ్డాడు. ఆయనకి ఇవతల పుణ్యవతి, అవతల నరసన్న. ఆయన మొదటి రెండూ జారవిడిచాడు. నరసన్న ఒక పెంకు తీసుకుని, అంచు పట్టుకోకూడదని, కింద అరచెయ్యి పెట్టి పొట్టకి ఆనించుకోవాలని చూపించాడు. తరవాత ఆయన జారవిడవలేదు. పెంకు మీద పెంకు, చేతిలోంచి చేతిలోకి. “పట్టు”, “అందుకో”, అంతే. పుణ్యవతి వేళ్ళు మంటెత్తిపోయాయి, నడుం పట్టేసింది, చాలా రోజుల తరవాత లోపల మాత్రం తేలిగ్గా ఉంది.

పోటు తిరిగి ముందుగది గోడలు పోయేసరికి దిబ్బ మీద పెంకుల కుప్ప నడుమెత్తు లేచింది. ధనరాజ్ గారు ఆ కుప్ప పక్కనే, తడిచేతులతో నిలబడి చిన్న ప్రార్థన చేశాడు. నరసన్న కళ్ళు మూసుకోలేదు. అక్కణ్ణుంచి వెళ్ళిపోనూ లేదు. సాయంకాలం బస్సుకి ధనరాజ్ గారు ఈశ్వరినీ పిల్లనీ వెంటబెట్టుకుని బరంపురంలో డాక్టరుకి చూపించి, రాత్రికి తన ఇంట్లో ఉంచుకుని, మర్నాడు జ్వరం దిగాక దింపి వెళ్ళాడు.

*

అమావాస్య పోటు మంగళవారం పొద్దున్న వచ్చింది. నరసన్న ఇల్లున్న చోట ఇప్పుడు నీళ్ళు. ఆ నీళ్ళు వెనక్కి వెళ్ళేసరికి పుణ్యవతి ఇంటి నేల అడ్డంగా బీటలు వారింది.

నరసన్న అప్పటికే దిబ్బ మీద, మందిరానికి కాస్త ఎడంగా, తన పెంకులతో ఒక పాక లేపుకున్నాడు. పెట్టె అక్కడికి మార్చుకున్నాడు. అమ్మడూ ఈశ్వరీ పిల్లతో ఇంకా మందిరంలోనే పడుకుంటున్నారు. బీటలు చూడటానికి వచ్చి, మోకాలి మీద కూర్చుని అందులో వేలు పెట్టి లోతు చూశాడు.

“ఇయ్యాలే కప్పు దించేద్దాం, మరదలా.”

రేపటి దాకా చూద్దామంది పుణ్యవతి. రేపు వాన తగ్గుతుందేమో, పోటు తగ్గుతుందేమో అంది. అవి కుదరని మాటలని తనకే తెలుస్తోంది. ఇచ్చాపురం నుంచి కూతురు ఫోను చేసి వచ్చేయమంటే, దానికీ రేపు చెబుతానంది. అరుగు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా ఊరికే కూర్చోవడం ఆమెకి అలవాటు లేదు. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. కారణం ఎవరైనా చెబుతారేమోనని చెవులు మాత్రం కాచుకుని ఉన్నాయి. పెట్టెని అరుగు మీద పెట్టించుకున్నందుకే అని సంఘం వాళ్ళనవచ్చు. ఆ పెట్టెకి దండం పెట్టనందుకే అని నరసన్న వాళ్ళనవచ్చు. రెండు వైపుల్నుంచీ రావలసిన మాట అది.

ఎవరూ అనలేదు. అమ్మడు వచ్చి, ఆమె పక్కనున్న నెత్తళ్ళ తట్ట ఎత్తుకుని దిబ్బ మీదకి నడిచింది. ఈశ్వరి లోపలికెళ్ళి గిన్నెలు గోనెలో వేసింది. నరసన్న ఉబ్బసాన్ని లెక్కచెయ్యకుండా కప్పెక్కబోతే ఎవరో కిందకి లాగి తాము ఎక్కారు. మనుషులు మళ్ళీ వరస కట్టారు. మధ్యాహ్నానికి ధనరాజ్ గారు ఆటోలో దిగాడు. మంగళవారం ఆయన రోజు కాదు. బరంపురం బజారులో తెలిసిన కొట్ల వాళ్ళనల్లా అడిగి తెచ్చిన టార్పాలిన్లు, తాళ్ళు, రెండు బియ్యం బస్తాలు ఆటో నిండా ఉన్నాయి. పుణ్యవతి దగ్గరికొచ్చి పక్కన కూర్చున్నాడు. ఏదో చెబుతాడనుకుంది. ఆయన కాసేపు సముద్రం వైపు చూసి, ముక్కు చీదుకుని, లేచి వరసలోకి వెళ్ళాడు.

చీకటి పడుతుండగా ఆమె తన మూట పట్టుకుని మందిరం గడప దగ్గరికొచ్చింది. ఇన్నేళ్ళుగా ఊడ్చి తుడిచిన హాలు. ఏ బెంచీ కాలు ఎక్కడ ఊగుతుందో, ఏ మూల చెమ్మ పడుతుందో ఆమెకి తెలుసు. అయినా గడప మీద ఆగిపోయింది. లోపల అందరికీ అలవాటైన చోట్లున్నాయి. తన చోటేదో తెలియలేదు.

“ఇటు రా సెల్లీ,” అంది అమ్మడు. “కిటికీకాడ గాలొస్తాది. నీకోసవే ఉంచాను.”

పుణ్యవతి వెళ్ళి ఆ చాప మీద కూర్చుంది. కూర్చున్నాక అప్పుడు ఏడుపొచ్చింది. కొండలు కట్టిన ఇల్లది. గోడలకి మట్టి తను తొక్కింది. చాలాసేపు ఏడ్చింది. అమ్మడు ఊరుకోమనలేదు, వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. ఈశ్వరి పిల్లని తెచ్చి ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, బిందె తీసుకుని కుళాయికి వెళ్ళింది.

బయట ఎవరో గుంజలు పాతుతున్న చప్పుడు. “ఇంకొంచెం లాగండి అయ్యగారూ, ముడి నాను ఏస్తాను,” అంటున్నాడు నరసన్న. ధనరాజ్ గారు ఆయాసపడుతూ ఏదో జవాబిచ్చాడు.

ఇంత చీకట్లో ఆ పాక ఎవరికని పుణ్యవతి అడిగింది.

“నీకే,” అంది అమ్మడు. “మా పాక పక్కన. నీ పెంకులతోటే ఏస్తన్నారు.”

పుణ్యవతి ముఖం తుడుచుకుని, ఒళ్ళో పిల్లని అమ్మడుకి అందించి, లేచి నిలబడింది. చీకట్లో పెంకులు సరిగా పేర్చుకోలేరు, దీపం పట్టుకునేవాళ్ళు కావాలి అంటూ లాంతరు వెతుక్కుని బయటికి నడిచింది.